స్లైసుకు ఎన్ని క్యాలరీలు? ఎనిమిది బ్రెడ్డుల డైరీ

మొదటి బ్రెడ్డు లెక్క తప్పని తెలిసేసరికి దాన్ని తినేశాం కూడా.

మాది నెల్లూరు, వేదాయపాళెం. నాయనకు షుగర్ వచ్చాక డైటీషియన్ ఒక నోటుబుక్కు పెట్టమన్నారు, పూటపూటకీ తిన్నది రాసి పక్కన క్యాలరీలు వేయాలి. ఇడ్లీ, దోసె, అన్నం వీటికి అంకెలు ఆవిడే రాసిచ్చారు. నేను ఇంట్లో చేసే బ్రెడ్డుకు మాత్రం ప్యాకెట్టూ లేదు, దాని మీద అంకే లేదు. "ఏమ్మా, ఒక ముక్కకి ఎంతని రాసేది?" అని నాయన రోజూ పొద్దున్నే పెన్ను పట్టుకుని అడగడం, నేను నోటికొచ్చిన అంకె చెప్పడం, ఇదీ వరస. ఎవరైనా ఇదే లెక్క వేసుకోవాలనుకుంటే నేను పడ్డ గుంటల్లో పడకుండా ఉంటారని రాస్తున్నాను.

రెండు మాటలు ముందే. ఈ ఊళ్ళో రొట్టె అంటే అందరికీ రొట్టెల పండగే గుర్తొస్తుంది, ఇంట్లో జొన్న రొట్టె కూడా ఉంది, అందుకని దీన్ని బ్రెడ్డు అనే అంటాను. ప్యాకెట్ల మీద కిలోక్యాలరీ అని ఉంటుంది, మనం మాటల్లో క్యాలరీ అంటున్నది దాన్నే. ఎక్కడైనా కిలోజౌల్స్‌లో ఇస్తే 4.184 తో భాగించుకోండి.

దశ 1: కప్పులు (బ్రెడ్డు 1)

మూడు కప్పుల మైదా అని రాసుకుని, కప్పుకు 125 గ్రాములు అనుకుని లెక్క వేశాను. కాటా కొన్న తర్వాత అదే కప్పును మూడు రకాలుగా నింపి తూచాను.

1. డబ్బాలో ముంచి తీసి, వేలితో అదిమితే: 151 గ్రా.
2. గరిటెతో పోసి, పైన కత్తితో సమం చేస్తే: 124 గ్రా.
3. జల్లించి పోస్తే: 112 గ్రా.

మూడు కప్పులకు కలిపి తేడా 117 గ్రాములు, అంటే మైదాలో దాదాపు 410 క్యాలరీలు. ఒక బ్రెడ్డు మీద ఇంత తేడా వస్తుంటే ఇక మిగతా లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా దండగ. నేను ఎప్పుడూ అదిమి నింపే రకం. ఆ వారమంతా నాయన పుస్తకంలో పడినవి తక్కువ అంకెలే.

ఇప్పటివరకు: బ్రెడ్డులు 1, ఖర్చు 40 రూపాయలు, పనికొచ్చే అంకె లేదు.

దశ 2: కాటా, దాని వేషాలు

550 రూపాయలకు ఒక గ్రాము వరకు చూపించే కిచెన్ కాటా కొన్నాను. దీన్ని నమ్మవచ్చా అని రెండు పరీక్షలు. పది రూపాయల బిళ్ళ 7.71 గ్రాములు, 13 బిళ్ళలు పెడితే 100 కాస్త దాటాలి, 101 చూపించింది. తర్వాత వీధి చివర కిరాణా కొట్టుకు కాటాను పట్టుకెళ్ళి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కేజీ రాయి పెట్టాను. 1006 చూపించింది. కొట్టాయన "ఏంది మే, మా కాటా మీద అనుమానమా" అని నవ్వాడు గానీ అనుమానం నా దాని మీదే.

కేజీకి ఆరు గ్రాములు ఎక్కువ చూపిస్తే ఫర్వాలేదు. పిండి తూచేదీ, బ్రెడ్డు తూచేదీ, స్లైసు తూచేదీ అదే కాటా కాబట్టి బ్రెడ్డులో స్లైసు వాటా సరిగ్గానే వస్తుంది, మొత్తం క్యాలరీల్లో మాత్రం పదో పన్నెండో తేడా ఉంటుంది. దాని కంటే ఎక్కువ బాధ పెట్టినవి వేరే ఉన్నాయి.

ఈస్ట్‌ను స్పూనుతో చిటికెడు చిటికెడు వేస్తుంటే కాటా సున్నా దగ్గరే కూర్చుంటుంది. చిన్న చిన్న బరువులు నెమ్మదిగా పడితే వాటిని సొంత ఊగులాట అనుకుని తనే సున్నా చేసేసుకుంటుందట, చవక కాటాలన్నీ ఇంతే. 6 గ్రాములని వేసింది నిజానికి 9 అయింది. ఇప్పుడు ఈస్ట్ డబ్బానే కాటా మీద పెట్టి, టేర్ (అంకెను సున్నా చేసే మీట) నొక్కి, డబ్బాను ఎత్తి స్పూనుతో తీసి మళ్ళీ పెడతాను. మైనస్‌లో ఎంత చూపిస్తే అంత తీసినట్టు. ఉప్పుకీ ఇదే పద్ధతి.

ఫ్యాను తిరుగుతుంటే అంకె నిలబడదు. మే నెలలో నెల్లూరు వంటింట్లో ఫ్యాను కట్టి నిలబడడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు, అయినా తూచే రెండు నిమిషాలూ కట్టాల్సిందే. పైగా ఈ కాటా కాసేపు ముట్టుకోకపోతే తనే ఆగిపోతుంది, టేర్ పోతుంది. అందుకని ఖాళీ గిన్నె బరువు (412 గ్రా.) గిన్నె అడుగున మార్కరుతో రాసిపెట్టాను. బ్రెడ్డు కాల్చే టిన్ను అడుగున కూడా.

దశ 3: పచ్చి పిండితో భాగించడం (బ్రెడ్డు 2)

అంకెలకు హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు తీసుకున్నాను. వంద గ్రాములకు మైదా 352, గోధుమపిండి 320. నూనె గ్రాముకు 9, చక్కెర గ్రాముకు 4. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, మిగతా ఘనపదార్థం 8.5 శాతం, కాబట్టి వందకు 58 దాకా.

మైదా 250 గ్రా.: 880
గోధుమపిండి 150 గ్రా.: 480
నూనె 25 గ్రా.: 225
చక్కెర 20 గ్రా.: 80
పాలు 100 గ్రా.: 58
ఈస్ట్ 6 గ్రా.: 20
ఉప్పు 8, నీళ్ళు 170: 0
మొత్తం 729 గ్రాములు, 1743 క్యాలరీలు.

1743ని 729తో భాగిస్తే గ్రాముకు 2.39. స్లైసు తూచాను, 42 గ్రాములు, కాబట్టి 100 క్యాలరీలు. రౌండు ఫిగరు వచ్చిందని మురిసిపోయి నాయన పుస్తకంలో నేనే రాశాను.

సాయంత్రం ఎందుకో మొత్తం సరిచూద్దామని, చల్లారాక తూచి ఉంచిన బ్రెడ్డు బరువు 641ని 2.39తో గుణించాను. 1532 వచ్చింది. వేసింది 1743 కదా, మిగతా 211 ఎటు పోయాయి? ఎటూ పోలేదు. ఓటీజీలో (బ్రెడ్డు కాల్చే కరెంటు ఓవెన్‌లో) పోయింది నీళ్ళు, నీళ్ళలో క్యాలరీ లేదు. 729 గ్రాముల్లో ఉన్నదంతా ఇప్పుడు 641 గ్రాముల్లో ఇమిడి ఉంది, అంటే గ్రాముకు 2.72, ఆ స్లైసు 114. అన్నం వండేటప్పుడు బియ్యం లెక్క వేరు, అన్నం లెక్క వేరు అని అమ్మకు తెలుసు, అక్కడ నీళ్ళు చేరతాయి, ఇక్కడ పోతాయి. ఇంత చిన్న విషయం రాత్రి పదింటికి గానీ నాకు తట్టలేదు.

ఈస్ట్ కూడా పొంగేటప్పుడు కొంత చక్కెరను తిని గాలి చేస్తుంది, కాబట్టి నికరంగా కాస్త తగ్గాలి. అది ఒకటి రెండు శాతం వ్యవహారం. వదిలేశాను.

ఇప్పటివరకు: బ్రెడ్డులు 2, ఖర్చు 630, గ్రాముకు 2.72 (తాత్కాలికం).

దశ 4: అంటుకున్నది, పూసింది, కోసింది (బ్రెడ్డు 3)

అన్ని బ్రెడ్డుల్లోకెల్లా ఎక్కువ నేర్పింది ఇదే. వంటకం పైదే, మార్చలేదు.

గిన్నెకూ చేతికీ అంటుకుపోయిన పిండి 11 గ్రాములు. గిన్నెను ముందు, తర్వాత తూచి తీసిన అంకె ఇది. 26 క్యాలరీలు తగ్గించాను. తర్వాత కలపాల్సినవి గుర్తొచ్చాయి: టిన్నుకు పూసిన నూనె 4 గ్రాములు (36), వేడి బ్రెడ్డు మీద నాయన తన చేత్తో పూసే వెన్న. "కాస్తే కదా" అంటాడు. వెన్న ప్యాకెట్టును పూసే ముందు, పూసిన తర్వాత తూచితే ఆ కాస్త 9 గ్రాములు, 65 క్యాలరీలు. రెండు బ్రెడ్డులుగా ఇది లెక్కలోనే లేదు.

చల్లారుతున్నప్పుడు బరువు ఇలా దిగింది.

పది నిమిషాలకు 649
అరగంటకు 642
గంటకు 637
రెండు గంటలకు 634

రెండు గంటల తర్వాత ఇంచుమించు ఆగింది కాబట్టి తూకం అప్పుడే. వేడిమీద కోస్తే లోపలంతా ముద్దగా కత్తికి అంటుకుంటుంది, అది వేరే బాధ.

1743 − 26 + 36 + 65 = 1818. భాగించు 634. గ్రాముకు 2.87.

ఇప్పుడు కోత. కంటి అంచనాతో, కూరగాయల కత్తితో 15 స్లైసులు కోసి ఒక్కొక్కటీ తూచాను: 28, 41, 37, 46, 52, 39, 44, 48, 35, 43, 50, 45, 47, 40, 31. కూడితే 626, బల్ల మీద రాలిన పొడి 8. మొత్తం 634 సరిగ్గా కూడినప్పుడు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

చివర ఉన్న 28 గ్రాముల ముక్క 80 క్యాలరీలు, మధ్యలో ఉన్న 52 గ్రాములది 149. సగటు 120 అని రాసుకుంటే ఒక రోజు 40 ఎక్కువ, ఒక రోజు 29 తక్కువ. పట్టికల్లో మైదా 352యా లేక నా ప్యాకెట్టు మీద ఉన్నట్టు 346యా అని నేను గంటసేపు కొట్టుకున్నాను, ఆ తేడా మొత్తం బ్రెడ్డుకు 15 క్యాలరీలు, స్లైసుకు ఒకటి. తప్పంతా కత్తి దగ్గర ఉంటే నేను పుస్తకం దగ్గర వెతుకుతున్నాను.

ఇప్పటివరకు: బ్రెడ్డులు 3, ఖర్చు 670, గ్రాముకు 2.87 (వెన్నతో).

దశ 5: అంతా గోధుమపిండే (బ్రెడ్డు 4)

అమ్మ పట్టుబట్టింది, మైదా మానేస్తే క్యాలరీలు సగం తగ్గుతాయని. సగం తగ్గవు. వంద గ్రాములకు తేడా 32, అంతే. పీచు ఎక్కువ, కడుపు నిండుతుంది, అది నిజం, కానీ అది వేరే సంగతి.

చేసి చూశాను. మర పట్టించిన పిండి 400 గ్రాములు, నీళ్ళు 210కి పెంచాల్సి వచ్చింది, వెన్న పూయలేదు. అంటుకున్నది తీసేసి, టిన్ను నూనె కలిపితే 1671 క్యాలరీలు, చల్లారాక 668 గ్రాములు, గ్రాముకు 2.50. పొంగింది మాత్రం మూడో వంతు, పట్టుకుంటే ఇటుక. స్లైసు సగటున 44 గ్రాములు, 110 క్యాలరీలు. వెన్న తీసేస్తే పాతది 116, అంటే స్లైసుకు 6 మిగిలింది.

కానీ స్లైసు పొట్టిగా కనిపించేసరికి నాయన రెండు తినే చోట మూడు తిన్నాడు. మూడు నూటపదులు 330, ముందు రెండుకు 232. పైగా ముందు రోజు మిగిలిన చేపల పులుసులో ముంచుకుని. పులుసు మర్నాటికి రుచి అని నెల్లూరులో ఎవరికి చెప్పాలి గానీ, అందులో నూనె లెక్క నేను కట్టను.

ఇప్పటివరకు: బ్రెడ్డులు 4, ఖర్చు 710. మళ్ళీ 250, 150 పాళ్ళకే వచ్చాను.

దశ 6: కోత చట్రం (బ్రెడ్డు 5)

స్లైసులన్నీ ఒకే మందం రావాలంటే కత్తి దిగడానికి గాట్లున్న చెక్క చట్రం ఒకటి కావాలి. రంపంలా పళ్ళున్న బ్రెడ్డు కత్తి 180 రూపాయలు, హ్యాక్‌సా (ఇనుము కోసే రంపం) బ్లేడ్లు రెండు 30. ప్లైవుడ్ ముక్కలు పక్క వీధిలో వడ్రంగి పని జరిగే ఇంట్లో అడిగి తెచ్చుకున్నాను.

1. పక్క చెక్కలు రెండు, పొడవు 20 సెం.మీ., ఎత్తు 8 సెం.మీ. బ్రెడ్డు అంతకంటే ఎత్తుగా ఉన్నా ఫర్వాలేదు. హ్యాక్‌సా ఫ్రేము ఇంకా లోతుకు దిగదు.
2. 13 మి.మీ.కు ఒక గీత. 14 గీతలు, 15 స్లైసులు.
3. రెండు చెక్కలనూ జతచేసి గట్టిగా బిగించి, ఒకేసారి కోయాలి. అడుగున అర సెంటీమీటరు వదలాలి.
4. అడుగు చెక్కకు మేకులు కొట్టి నిలబెట్టాలి. మధ్య ఖాళీ బ్రెడ్డు వెడల్పు కంటే కొంచెం ఎక్కువ, నాకు 10.5 సెం.మీ.

మూడో మెట్టు నేను మొదట పాటించలేదు. విడివిడిగా కోస్తే గాట్లు రెండు మి.మీ. పక్కకు పోయి, స్లైసులన్నీ ఒక పక్క లావు, ఇంకో పక్క సన్నం. చెక్కలు మళ్ళీ అడుక్కోవాల్సి వచ్చింది. రెండో తప్పు, ఒక్క బ్లేడుతో గాటు పెడితే బ్రెడ్డు కత్తి దూరలేదు. ఫ్రేములో రెండు బ్లేడ్లు పక్కపక్కనే పెట్టి బిగించి మళ్ళీ కోస్తే సరిపోయింది.

చట్రం సిద్ధం, బ్రెడ్డు చెడింది. రోహిణి కార్తె, పదకొండు గంటలకు వంటింట్లో 37 డిగ్రీలు. నేను మామూలుగా రెండో పొంగుకు (పిండి టిన్నులో పెట్టాక మళ్ళీ పొంగడానికి) 50 నిమిషాలు వదిలేశాను, టిన్ను అంచు దాటి పుట్టగొడుగులా నిలబడింది, ఓటీజీలో పెట్టిన పది నిమిషాలకు నడుము విరిగినట్టు కూలింది. పైపొర కింద సొరంగం. చట్రంలో పెట్టి సమానంగా కోసినా స్లైసులు 31 నుంచి 49 గ్రాముల దాకా వచ్చాయి, ఎందుకంటే మందం ఒకటే అయినా లోపల ఉన్నది కొన్నిటిలో పిండి, కొన్నిటిలో గాలి.

మార్చినవి: ఈస్ట్ 6 నుంచి 4 గ్రాములకు, ఫ్రిజ్ నీళ్ళు, పని మొదలు తెల్లారి ఐదింటికి, రెండో పొంగు గడియారం చూసి కాకుండా పిండి టిన్ను అంచుకు ఒక వేలు కింద ఉన్నప్పుడు ఆపడం. ఇదే ఊపులో నూనె 20కి, చక్కెర 12కి తగ్గించాను, రుచిలో ఎవరూ కనిపెట్టలేదు.

ఇప్పటివరకు: బ్రెడ్డులు 5, ఖర్చు 960.

దశ 7: కరెంటు పోయింది (బ్రెడ్డు 6)

కొత్త కొలతలతో లెక్క ఇది: 880 + 480 + 180 + 48 + 58 + 13 = 1659. అంటుకున్నది 9 గ్రాములు, 21 తీసేస్తే 1638, టిన్ను నూనె 3 గ్రాములు, 27 కలిపితే 1665. వెన్న ఇక బ్రెడ్డుకు పూయడం లేదు, తినేటప్పుడు తూచి పూసుకోవడమే, పుస్తకంలో దానికి వేరే గడి.

టిన్నులో నూనెతో కలిపి 708 గ్రాములు. ఓటీజీలో పెట్టిన ఇరవై నిమిషాలకు కరెంటు పోయి, ఇంకో ఇరవై అయిదు నిమిషాలకు గానీ రాలేదు. తెల్లగా, లోపల బంకగా ఒక వస్తువు బయటికి వచ్చింది. పారేయబోయి తూచాను: చల్లారాక 668. అంటే 40 గ్రాముల నీళ్ళే పోయాయి. 1665ని 668తో భాగిస్తే 2.49.

ఉడకనిదాంట్లో క్యాలరీలు తక్కువ అని కాదు, ఆ 1665 పిండి కలిపిన క్షణానే ఖాయమైపోయింది, తర్వాత నేను చేసేదంతా అందులోంచి నీళ్ళు తీయడమే. దీన్ని ముక్కలు చేసి పెనం మీద నూనె లేకుండా కాల్చి తినేశాం.

ఇప్పటివరకు: బ్రెడ్డులు 6, ఖర్చు 1000.

దశ 8: నిలబడ్డవి (బ్రెడ్డులు 7, 8)

ఏడోది: 1665 క్యాలరీలు, 625 గ్రాములు, గ్రాముకు 2.66. చట్రంలో కోస్తే చివరివి 30, 33. మధ్యవి పదమూడూ 40 నుంచి 46 మధ్య, అంటే 106 నుంచి 122. మధ్యలో బ్రెడ్డు కాస్త గోపురంలా లేస్తుంది కాబట్టి ఆ మాత్రం తేడా చట్రం కూడా తీయలేదు.

ఎనిమిదోది: మూడు నిమిషాలు ఎక్కువ కాలింది, 617 గ్రాములు, 2.70.

కాబట్టి ఈ కొలతలకు నాయన వాడే గుణకం 2.7. కొలతలు మారితే ఇది పనికిరాదు, మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవాలి.

ఏడోదాంట్లోంచి ఒక 43 గ్రాముల స్లైసును టోస్ట్ చేశాను. 37కి దిగింది. టోస్టును తూచి గుణిస్తే 98, అసలు 114. ఇంకొకటి పళ్ళెంలో పెట్టి ఫ్యాను కింద పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఉంచాను, 43 కాస్తా 38. అందుకే స్లైసులను కోసిన రోజే, కోసిన వెంటనే తూచాలి. తర్వాత ఎండినా, కాల్చినా ఆ అంకె మారదు.

కాపీ చేసుకునేవాళ్ళకు:

1. నీళ్ళు, ఉప్పుతో సహా అన్నీ గ్రాముల్లో తూచండి. క్యాలరీలు కూడండి.
2. గిన్నెకు అంటుకున్నది తీసేయండి, టిన్నుకు పూసినది కలపండి.
3. కాల్చి, రెండు గంటలు చల్లార్చి తూచండి.
4. మొత్తం క్యాలరీలను ఈ బరువుతో భాగించండి, పచ్చి పిండి బరువుతో కాదు.
5. అన్నీ ఒకేసారి కోసి, వరసగా తూచి, చీటీ మీద రాయండి.

మొత్తం: బ్రెడ్డులు 8, ఖర్చు 1080, వారాలు ఏడు.

చీటీని బ్రెడ్డు డబ్బా మూత మీద అంటిస్తాను, ఎడమ నుంచి ఒకటి, రెండు అని స్లైసుల వరస, పక్కన గ్రాములు, క్యాలరీలు. ఇప్పుడు నాయన నన్ను ఏమీ అడగడు. కళ్ళద్దాలు పెట్టుకుని చీటీ మొత్తం చదివి, 46 గ్రాములవి ఎక్కడున్నాయో చూసుకుని ముందు అవే తీస్తాడు. పుస్తకంలో మాత్రం సరిగ్గానే రాస్తున్నాడు: 124, 124.